కేబుల్ పొడవైతే లెక్క ఎందుకు తప్పుతుంది?

యంత్రశాల సందేహాలు – సమాధానాలు

పాత యంత్రాలకు, కంప్యూటరు ద్వారా నడిపే కొత్త సీఎన్‌సీ కంట్రోలు అమర్చుకున్న పాఠకులు ఇటీవల రాసిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎన్‌కోడర్ తీగల గురించే ఉన్నాయి. షాఫ్టు ఎంత తిరిగిందో పల్సులుగా కంట్రోలుకు చెప్పే పరికరమే ఎన్‌కోడర్. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు బాగా పొడవుగా వచ్చింది. తక్కిన జవాబులకు కావలసిన పునాది అందులోనే ఉన్నది కనుక దానిని కుదించలేదు.

ప్రశ్న: మాది బాలానగర్‌లో చిన్న జాబ్ వర్క్ షాపు. పాత మిల్లింగ్ మెషీను ఒకటి కొని, దాని కంట్రోలు తీసివేసి, కంప్యూటరుతో నడిచే కొత్త కంట్రోలు, సర్వో డ్రైవులు (మోటారును చెప్పిన స్థానానికి నడిపేవి) పెట్టించాను. 5 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న (ఒక చుట్టుకు బల్లను అంత దూరం జరిపే) బాల్ స్క్రూలకు 2500 పల్సుల ఎన్‌కోడర్లు నేరుగా బిగించాము. స్థలం చాలక ప్యానెల్‌ను అవతలి గోడకు పెట్టినందువల్ల కేబుల్ 18 మీటర్లు అయింది. ఎన్‌కోడర్ నుంచి ఆరు సిగ్నల్ తీగలు వస్తాయి కానీ, మా బోర్డులో మూడింటికే చోటు ఉండడంతో ఎ, బి, జెడ్ మాత్రమే కలిపి, మిగిలిన మూడింటికి టేపు చుట్టి వదిలేశాము. స్పిండిల్ (టూలును తిప్పే ఇరుసు) ఆపి ఖాళీగా నడిపితే అంతా సవ్యంగానే ఉంటుంది. స్పిండిల్ నడుస్తూ ఒక పూట పనిచేశాక ఎక్స్ యాక్సిస్ 0.04 నుంచి 0.06 మిల్లీమీటర్ల వరకు పక్కకు జరుగుతోంది. మళ్ళీ హోమ్ చేస్తే, అంటే సున్న స్థానానికి తెచ్చి లెక్క మొదలుపెడితే, సరిపోతోంది. మెకానిక్ సలహా మీద ఎన్‌కోడర్ మార్చినా ఫలితం లేదు. ప్యానెల్‌ను మళ్ళీ మెషీను పక్కకు తేవలసిందేనా?

జవాబు: ప్యానెల్‌ను కదపకండి. తీసివేసిన పాత ఎన్‌కోడర్‌ను కూడా పారవేయకండి, అది బాగానే ఉండి ఉంటుంది. సరైన పద్ధతిలో పంపితే ఈ సిగ్నల్‌కు 18 మీటర్లు పెద్ద దూరం కాదు. మీరు టేపు చుట్టి వదిలేసిన ఆ మూడు తీగలలోనే మీ కష్టానికి మూలమున్నదని నా నమ్మకం. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందుగా తప్పిన లెక్క ఎంతో చూద్దాము. 2500 పల్సుల ఎన్‌కోడర్‌లో ఎ, బి చానెళ్ళ అంచులన్నీ (పల్సు లేచే, పడే క్షణాలన్నీ) లెక్కిస్తే చుట్టుకు 10,000 కౌంట్లు వస్తాయి. 5 మిల్లీమీటర్ల పిచ్ మీద ఒక్కొక్క కౌంటు విలువ అర మైక్రాను. మీకు కనిపిస్తున్న 0.05 మిల్లీమీటర్లంటే కేవలం వంద కౌంట్లు. బల్ల 300 మిల్లీమీటర్లు ఒకసారి పోయి తిరిగి వస్తేనే పన్నెండు లక్షల కౌంట్లు అవుతాయి కదా, ఒక పూటలో కోట్ల కౌంట్లు గడిచిపోతాయి. వాటిలో వందే తప్పుతున్నాయంటే వ్యవస్థ మొత్తం పాడైనట్టు కాదు. ఏదో ఒక సన్నివేశంలో, అరుదుగా, ఒకటి రెండు అంచులు చెడిపోతున్నాయి. ఇలాంటి లోపం భాగాలు మార్చడం వల్ల దొరకదు, కొలతకే దొరుకుతుంది.

హోమ్ చేస్తే సరిపోతోందని మీరు రాసిన మాట చాలా విలువైనది. మీ కంట్రోలు హోమ్ స్థానాన్ని చుట్టుకు ఒక్కసారే వచ్చే జెడ్ పల్సు ఆధారంగా తీసుకునేదైతే, బల్ల మీద డయల్ గేజి పెట్టి, తేడా వచ్చిన తరువాత హోమ్ చేసి చూడండి. సూది ఉదయం ఉన్న చోటికే కచ్చితంగా తిరిగి వస్తే తప్పినది కౌంట్లే. సూది కూడా అంతే మేరకు జరిగి ఉంటే, స్క్రూకూ ఎన్‌కోడర్‌కూ మధ్య కప్లింగ్ జారుతున్నదని అర్థం. జెడ్ గీత స్క్రూతో పాటు కాక విడిగా తిరిగిపోయింది కనుక హోమ్ కూడా దానితోపాటే జరుగుతుంది. కప్లింగ్ మీద మార్కర్‌తో ఒక గీత గీసి పెట్టుకుంటే ఈ సందేహం ఇంకా సులువుగా తీరుతుంది. మీ ఉత్తరం ప్రకారం చూస్తే లోపం కరెంటు వైపే ఉన్నది.

ఇప్పుడు నాయిస్ (తీగల్లోకి దూరే విద్యుత్ అలజడి) సంగతి. స్పిండిల్‌ను నడిపే డ్రైవు 415 వోల్టుల సప్లయి మీద పనిచేసేదైతే, దాని లోపల డీసీ వోల్టేజి 580 దరిదాపుల్లో ఉంటుంది. ఆ వోల్టేజిని డ్రైవు సెకనుకు కొన్ని వేల సార్లు మోటారు తీగల మీదకు వేసి తీస్తూ ఉంటుంది, ప్రతిసారీ మార్పు మైక్రోసెకండులోపే పూర్తవుతుంది. పక్కనే పరుచుకున్న ఎన్‌కోడర్ కేబుల్ మీద దాని ప్రభావం పడకుండా ఉండదు. అయితే చాలామంది అనుకునేట్టు, మధ్యలో దూరిన ప్రతి దొంగ పల్సూ లెక్కలో చేరిపోదు. ఎ, బి చానెళ్ళు పల్సు చక్రంలో పావు వంతు తేడాతో నడుస్తాయి. సవ్యంగా తిరిగే ఎన్‌కోడర్‌లో ఒక క్షణంలో ఒక చానెలే మారుతుంది. బి నిలకడగా ఉండగా ఎ మీద ఒక దొంగ పల్సు వస్తే, దాని లేచే అంచుకు కౌంటరు ఒకటి కలుపుతుంది, పడే అంచుకు అదే ఒకటి తీసివేస్తుంది. నికరంగా మిగిలేది సున్న. ఈ ఏర్పాటు చేసినవారి తెలివికి నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను. అందుకే యంత్రం నిలబడి ఉన్నప్పుడు డిస్‌ప్లేలో చివరి అంకె ఒకటి రెండు అటూ ఇటూ ఊగినా స్థానం జరగదు.

లెక్క నిజంగా తప్పేది ఎ, బి రెండూ ఒకేసారి చెదిరినప్పుడు. అప్పుడు ఎన్‌కోడర్ ముందుకు తిరిగిందో వెనక్కి తిరిగిందో కౌంటరుకు తెలిసే దారి ఉండదు. మూడు తీగలు, వాటన్నిటికీ ఉమ్మడిగా ఒక సున్న వోల్టు తీగ ఉన్న మీ ఏర్పాటులో జరిగేది సరిగ్గా ఇదే. నాయిస్ వల్ల ఆ సున్న తీగ ఒక క్షణం రెండు వోల్టులు లేచినా, ఎ, బి, జెడ్ మూడూ దానితోపాటు కలిసికట్టుగా కదులుతాయి. ఒకే కేబుల్, ఒకే సున్న కావడం వల్ల దెబ్బ కూడా ఒకేసారి తగులుతుంది.

వదిలేసిన మూడు తీగలను ఎ-బార్, బి-బార్, జెడ్-బార్ అంటారు. ఎ లేచినప్పుడు ఎ-బార్ దిగుతుంది. ఇలా జతగా సిగ్నల్ పంపడానికి ఉన్న ఆర్ఎస్-422 ప్రమాణం ప్రకారం అవతలి కొసలో ఉండే రిసీవరు సున్న తీగ వైపు చూడనే చూడదు. ఎ, ఎ-బార్‌ల మధ్య తేడాను మాత్రమే చూస్తుంది, ఆ తేడా 200 మిల్లీవోల్టులు దాటితే చాలు, ఒకటో సున్నో తేల్చేస్తుంది. రెండు తీగలూ కలిసి 7 వోల్టులు పైకి గానీ కిందికి గానీ కదిలిపోయినా దానికి లెక్క లేదు. ఈ పద్ధతిలో సెకనుకు లక్ష బిట్ల వేగం వరకు 1200 మీటర్ల దూరాన్ని ఆ ప్రమాణమే సూచిస్తుంది. మీ యాక్సిస్ కోత లేని వేగపు కదలికలో, అంటే నిమిషానికి 10 మీటర్ల ర్యాపిడ్‌లో పోతే స్క్రూ 2000 చుట్లు తిరుగుతుంది, చానెల్‌కు సెకనుకు 83 వేల పల్సులు వస్తాయి. పల్సుకు రెండు బిట్ల చొప్పున ఇది ఆ లక్ష బిట్ల పరిమితిని కొంత మించినా, 1200 మీటర్లకు బదులు మీరు పంపుతున్నది 18 మీటర్లే కనుక ఏ ఇబ్బందీ లేదు.

కాబట్టి చేయవలసింది ఇది. ఆరు తీగలనూ ప్యానెల్ దాకా తీసుకురండి. మీ బోర్డు నేరుగా తీసుకోలేకపోతే, ఏఎం26ఎల్ఎస్32 వంటి లైన్ రిసీవర్ చిప్ ఉన్న చిన్న బోర్డును కంట్రోలు పక్కనే పెట్టి, దాని నుంచి మూడు సిగ్నళ్ళను జానెడు తీగలతో అందించండి. దానికయ్యే ఖర్చు మీరు మార్చిన ఎన్‌కోడర్ ఖర్చులో చిన్న భాగం. కొన్ని బోర్డుల మీద టీటీఎల్ (సిగ్నల్‌కు ఒక్క తీగే ఉండే పద్ధతి), ఆర్ఎస్-422 మధ్య మార్చుకునే జంపర్లు ఉంటాయి కనుక ముందు మీ బోర్డు మాన్యువల్ చూడండి.

జతల విషయంలో పొరపాటు పడకండి. ఎ తో ఎ-బార్ ఒకే మెలికలో రావాలి, బి తో బి-బార్, జెడ్ తో జెడ్-బార్ కూడా అంతే. మామూలు మల్టీకోర్ కేబుల్‌లో తీగలు జతజతగా మెలివేసి ఉండవు. మెలివేసిన జతలున్న కేబుల్ తెచ్చి, తీరా ఎ, బి లను ఒక జతలో, రెండు బార్‌లను ఇంకొక జతలో కలిపినవారిని నేను చూశాను. అలా కలిపితే రెండు చానెళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఎగబాకుతాయి, మెలిక వల్ల రావలసిన లాభం తలకిందులవుతుంది.

రిసీవరు దగ్గర ప్రతి జత మీదా 120 ఓముల రెసిస్టరు ఒకటి పెట్టాలి. పల్సులు సెకనుకు 83 వేలే కదా, దీని అవసరమేమిటని అడగవచ్చు. ఇక్కడ చూడవలసింది పల్సుల సంఖ్య కాదు, అంచు నిటారుదనం. లైన్ డ్రైవరు అంచు పది ఇరవై నానోసెకండ్లలో లేస్తుంది. సిగ్నల్ మీటరు దూరం పోవడానికి దాదాపు 5 నానోసెకండ్లు తీసుకుంటుంది కనుక 18 మీటర్లు పోయి రావడానికి 180 నానోసెకండ్లు పడుతుంది. అంచు పూర్తయి చాలాసేపయ్యాక అవతలి కొస నుంచి ప్రతిధ్వని తిరిగి వస్తుంది, అది మరో అంచులా కనిపించే ప్రమాదముంది. కేబుల్ గుణానికి సరిపోయే రెసిస్టరు ఉంటే ఆ ప్రతిధ్వని అక్కడే అణగిపోతుంది.

కానీ ఆ రెసిస్టర్లు కరెంటు తాగుతాయి. జత మీద 3 వోల్టుల తేడా ఉంటే ఒక్కొక్కటి 25 మిల్లీ ఆంపియర్లు, మూడింటికీ కలిపి 75. ఎన్‌కోడర్ స్వంత వాడకం 100 అనుకుంటే మొత్తం 175 మిల్లీ ఆంపియర్లు ప్యానెల్ నుంచే పోవాలి. ఈ లెక్క చాలామంది వేయరు. సాధారణంగా సిగ్నల్ కేబుల్‌లో తీగ 0.14 చదరపు మిల్లీమీటర్లది ఉంటుంది, మీటరుకు సుమారు 0.125 ఓము. పోను రాను 36 మీటర్లకు 4.5 ఓములు, దాని మీద పడిపోయే వోల్టేజి దాదాపు 0.8. ప్యానెల్‌లో 5 వోల్టులు చూసి మీరు నిశ్చింతగా ఉంటారు, ఎన్‌కోడర్‌కు అందేది 4.2. ఎక్కువ ఎన్‌కోడర్లు 4.75 కంటే తగ్గకూడదని కోరతాయి. చర్లపల్లిలో ఒక షాపువారు వరుసగా మూడు ఎన్‌కోడర్లు మార్చి విసిగిపోయి నన్ను పిలిచారు. కనెక్టరు ఊడదీసి కొలిస్తే 5 వోల్టులు నికరంగా కనిపించేవి, ఎన్‌కోడర్ కలిపి ఉండగా దాని పిన్నుల దగ్గర కొలిస్తే 4.3 వచ్చింది. లోడు లేకుండా కొలిచిన వోల్టేజికి ఏ విలువా లేదని నాకు అప్పుడు గట్టిగా తెలిసివచ్చింది. సప్లయికి 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడండి. అప్పుడు అదే 18 మీటర్లకు తరుగుదల 0.15 వోల్టు లోపే ఉంటుంది. ప్యానెల్‌లో సప్లయిని ఐదున్నరకు పెంచి సర్దుకోవడం మాత్రం నేను ఒప్పుకోను. కేబుల్ మార్చిన రోజునో, రెసిస్టర్లు తీసిన రోజునో ఆ ఎక్కువ వోల్టేజి తిన్నగా ఎన్‌కోడర్ మీద పడుతుంది. కొన్ని ఎన్‌కోడర్లలో సెన్స్ తీగలని రెండు అదనంగా ఉంటాయి, అక్కడ నిజంగా అందుతున్న వోల్టేజిని అవి సప్లయికి తెలుపుతాయి. మీ సప్లయి వాటిని చదవలేనిదైతే, వాటిని సప్లయి తీగలకు సమాంతరంగా కలపడానికి తయారీదారు అనుమతిస్తున్నాడేమో చూసి కలపండి. తరుగుదల అంతమేర తగ్గుతుంది.

ఫిల్టరు గురించి కూడా ఒక మాట. కౌంటరు ఇన్‌పుట్‌లో డిజిటల్ ఫిల్టరు పెంచితే నాయిస్ పోతుందని సలహా ఇస్తుంటారు. మీ ర్యాపిడ్‌లో ఒక అంచుకూ తరువాతి అంచుకూ మధ్య ఉండేది 3 మైక్రోసెకండ్లే, ఒక్కొక్క చానెల్ ఒకే స్థాయిలో నిలిచేది దానికి రెట్టింపు, 6 మైక్రోసెకండ్లే. ఫిల్టరు ఒక సిగ్నల్‌ను నమ్మడానికి 7 మైక్రోసెకండ్లు చూసేటట్టు పెడితే, అది నాయిస్‌తోపాటు నిజమైన పల్సులను కూడా మింగేస్తుంది. నెమ్మదిగా నడిపినప్పుడు అంతా బాగుండి, ర్యాపిడ్‌లో మాత్రమే లెక్క తప్పుతుంటే మొదట అనుమానించవలసింది దీనినే. అంచుల మధ్య కాలంలో మూడో వంతు మించకుండా ఫిల్టరు ఉంచడం నా అలవాటు. ఎన్‌కోడర్ పల్సులు ఎప్పుడూ సరిసమానంగా రావు కనుక ఆ వెసులుబాటు అవసరం.

పని పూర్తయిన తరువాత బాగయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పూట జాబ్ చేసి చూడనవసరం లేదు. ఒక జెడ్ పల్సు నుంచి తరువాతి జెడ్ పల్సు వరకు కౌంట్లు కచ్చితంగా 10,000 ఉండాలి. ఎన్ని చుట్లు తిరిగినా, ఒకే దిశలో జెడ్ వచ్చిన క్షణాన పట్టుకున్న కౌంటు 10,000 గుణిజాలలోనే కదలాలి. మీ కంట్రోలు సాఫ్ట్‌వేరులో ఆ విలువను చూసే వీలుంటే, స్పిండిల్ ఆపి ఒకసారి, నడుపుతూ ఒకసారి, కూలెంట్ పంపు కాంటాక్టరును పదిసార్లు వేసి తీస్తూ ఒకసారి చూడండి. 10,000 బదులు 9,998 గానీ 10,004 గానీ ఎప్పుడు కనిపించిందో దానిని బట్టి దోషి ఎవరో తెలిసిపోతుంది. కాంటాక్టరు వేసినప్పుడే వస్తే ఏసీ కాయిల్ మీద 100 ఓములు, 0.1 మైక్రోఫారడ్ కలిసిన స్నబ్బరు (కాయిల్ ఆగినప్పుడు లేచే వోల్టేజిని అణచేది), డీసీ కాయిల్ అయితే ఒక డయోడు పెట్టాలి. అది ఎన్‌కోడర్ తీగల వైపు చేసే పని కాదు, కాయిల్ దగ్గర చేసే పని.

ప్రశ్న: విశాఖపట్నం ఆటోనగర్‌లో మెషీన్ల మరమ్మతు చేస్తుంటాను. ఎన్‌కోడర్ కేబుల్ ఖరీదు ఎక్కువని, నెట్‌వర్క్‌కు వాడే క్యాట్-6 కేబుల్ వేయమని కస్టమర్లు అడుగుతున్నారు. వేయవచ్చునా?

జవాబు: సిగ్నల్ వరకు చూస్తే అది చాలా మంచి కేబుల్. నాలుగు జతలు, ప్రతి జతా శ్రద్ధగా మెలివేసి ఉంటుంది. జత గుణం 100 ఓములు, ఆర్ఎస్-422 కి చక్కగా అతుకుతుంది. కెపాసిటెన్సు కూడా మీటరుకు 50 పికోఫారడ్ల దరిదాపుల్లోనే ఉంటుంది. ఫాయిల్ షీల్డు (నాయిస్‌ను ఆపే లోహపు పొర) ఉన్న రకం తీసుకొని, రంగు జతలను చెదరనీయకుండా ఎ, బి, జెడ్‌లకు మూడు జతలు వాడితే సిగ్నల్ వైపు నుంచి నాకు అభ్యంతరం లేదు.

నాలుగో జతతో సప్లయి ఇవ్వడం దగ్గర ఇబ్బంది మొదలవుతుంది. 24 గేజి తీగ మీటరుకు 0.084 ఓము ఉంటుంది. 15 మీటర్ల దూరానికి పోను రాను రెండున్నర ఓములు, 150 మిల్లీ ఆంపియర్ల మీద 0.38 వోల్టు తరుగుతుంది, ఎన్‌కోడర్‌కు 4.62 వోల్టులే చేరుతాయి. కాబట్టి సప్లయికి వేరే మందపాటి జత వేసి, దానిని ఈ కేబుల్ పక్కనే నడపండి. రెండవది, మార్కెట్లో దొరికే క్యాట్-6 లో ఎక్కువ భాగంలో ప్రతి తీగా సన్నపోగులు లేని ఒకే గట్టి తీగ. గోడ వెంట కాండ్యూట్‌లో కదలకుండా ఉండేచోట అది నిలుస్తుంది కానీ, బల్లతోపాటు కదిలే కేబుళ్ళను మోసే డ్రాగ్ చైన్‌లో రోజూ వేల సార్లు వంగే చోట కొద్దికాలానికే లోపల తెగిపోతుంది. అది కూడా శుభ్రంగా తెగదు. వంగినప్పుడు విడిపోయి, చాచినప్పుడు మళ్ళీ తగులుతూ మిమ్మల్ని నెలల తరబడి తిప్పుతుంది. చైన్‌లోకి పోయే భాగానికి చైన్ కోసమే తయారైన సన్నపోగుల కేబుల్ వేయండి, ఖరీదు గురించి కస్టమరుకు మీరే నచ్చజెప్పండి. నెట్‌వర్క్ ప్లగ్గులను మెషీను వైపు వాడకండి, అదురుకూ కూలెంట్‌కూ అవి ఆగవు.

ప్రశ్న: హోసూరులో మెయింటెనెన్సు విభాగంలో పనిచేస్తున్నాను. షీల్డును ఒక్క కొసలోనే ఎర్త్ చేయాలని మా సీనియర్లు, రెండు కొసల్లోనూ చేయాలని డ్రైవు మాన్యువల్ చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఈ వాదం చాలా పాతది. ఇద్దరూ తమ తమ అనుభవంలో నుంచే మాట్లాడుతున్నారు. ఒక్క కొసలో కలపాలన్న నియమం మైకులు, థర్మోకపుల్‌ల వంటి నెమ్మదైన, బలహీనమైన సిగ్నళ్ళ దగ్గర పుట్టింది. రెండు కొసలూ ఎర్త్‌కు కలిస్తే, రెండు చోట్ల ఎర్త్ వోల్టేజి తేడా వల్ల షీల్డులో 50 హెర్ట్జ్ కరెంటు ప్రవహించి హమ్ వస్తుంది. అక్కడ అది నిజమైన శత్రువు. మన ఎన్‌కోడర్ జతకు 50 హెర్ట్జ్ వల్ల పెద్దగా హాని లేదు, తేడాను మాత్రమే చూసే రిసీవరు దానిని పట్టించుకోదు. మనకు హాని చేసేది డ్రైవు అంచుల నుంచి వచ్చే మెగాహెర్ట్జ్‌ల నాయిస్. ఆ వేగంలో, ఒక కొస విడిచిపెట్టిన షీల్డు ఆ కొసలో పనిచేయదు. కాబట్టి సర్వో, స్పిండిల్ డ్రైవులున్న మెషీనులో డిజిటల్ ఎన్‌కోడర్ కేబుల్ షీల్డును రెండు కొసల్లోనూ కలపాలన్న మాన్యువల్ మాటనే నేను అనుసరిస్తాను.

అయితే ఎలా కలుపుతున్నారన్నది ఎన్ని కొసల్లో కలుపుతున్నారన్న దానికంటే ముఖ్యమని నా అభిప్రాయం. షీల్డు అల్లికను మెలితిప్పి, తోకలా పది సెంటీమీటర్ల తీగ చేసి, టెర్మినల్ కింద బిగించడం మన షాపుల్లో సర్వసాధారణం. మల్టీమీటరుతో చూస్తే సున్న ఓములు చూపిస్తుంది, అందరూ తృప్తి పడతారు. కానీ నిటారు తీగకు సెంటీమీటరుకు సుమారు 10 నానోహెన్రీల ఇండక్టెన్సు ఉంటుంది. ఆ పది సెంటీమీటర్ల తోక 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఆరు ఓములకు పైగా అడ్డుపడుతుంది. షీల్డు మోసుకొచ్చిన నాయిస్‌కు ఆ అడ్డు వల్ల ఎర్త్‌లోకి దారి ఇరుకై, కొంత భాగం లోపలి తీగల మీదకు మళ్ళుతుంది. తోకకు బదులు, కేబుల్ పై తొడుగు రెండు సెంటీమీటర్లు ఒలిచి, అల్లికను చెదరకుండా చుట్టూ పట్టే లోహపు క్లాంపుతో ప్యానెల్ ప్లేటుకు బిగించండి. ప్లేటు మీద పెయింటు ఉంటే అంతమేర గీకివేయండి, పెయింటు మీద బిగించిన క్లాంపు అలంకారానికే పనికివస్తుంది. ఎన్‌కోడర్ వైపు కనెక్టరు లోహపు తొడుగు కలిగి, అల్లిక దానికి చుట్టూ తగిలేటట్టు ఉండాలి.

మీ సీనియర్ల భయానికి కూడా సమాధానం ఉన్నది. ప్యానెల్ బాడీకీ మెషీను బాడీకీ మధ్య కనీసం 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను ఎన్‌కోడర్ కేబుల్ వెంటనే వేస్తే, ఎర్త్ తేడా వల్ల వచ్చే కరెంటు షీల్డును వదిలి దానిలో పోతుంది. ప్యానెల్ వేరే భవనంలో ఉండి, ఎర్త్‌ల మధ్య కొలవదగినంత వోల్టేజి తేడా ఉన్నచోట మాత్రం, ఆ తేడాను సరిచేయకుండా రెండో కొస కలపకండి.

షీల్డు చర్చలో పడి అసలు దూరాన్ని మరిచిపోకూడదు. మోటారు పవర్ కేబుల్‌కూ ఎన్‌కోడర్ కేబుల్‌కూ మధ్య కనీసం 20 సెంటీమీటర్ల ఎడం ఉంచండి, దాటక తప్పని చోట లంబంగా దాటించండి. ఎన్‌కోడర్ కేబుల్‌కు షీల్డు వేసి, స్పిండిల్ మోటారు కేబుల్‌ను షీల్డు లేకుండా వదిలివేయడం మన దగ్గర తరచుగా కనిపించే లోపం. నాయిస్ పుట్టేది అక్కడ కనుక మొదటి షీల్డు దానికే పడాలి. డ్రైవు దగ్గర, మోటారు టెర్మినల్ పెట్టె దగ్గర, రెండు కొసల్లోనూ.

ప్రశ్న: అనంతపురంలో మా లేత్‌ను రెట్రోఫిట్ చేయించాము. మరలు కోయడానికి స్పిండిల్‌కు 1024 పల్సుల ఓపెన్ కలెక్టర్ ఎన్‌కోడర్ పెట్టారు. కేబుల్ 12 మీటర్లు. 400 ఆర్‌పీఎం దగ్గర మర చక్కగా వస్తుంది, 1500 దగ్గర పాడవుతుంది. కారణమేమిటి?

జవాబు: ఓపెన్ కలెక్టర్ ఎన్‌కోడర్ తీగను కిందికి లాగగలదు కానీ పైకి నెట్టలేదు. పైకి లేపేది బోర్డులోని పుల్-అప్ రెసిస్టరు మాత్రమే. అది 4.7 కిలో ఓములు అనుకుందాము. షీల్డు కేబుల్ కెపాసిటెన్సు మీటరుకు 100 పికోఫారడ్లు వేసుకుంటే 12 మీటర్లకు 1.2 నానోఫారడ్లు. ఆ రెసిస్టరు ద్వారా ఆ కేబుల్ నిండి, సిగ్నల్ పూర్తిగా లేవడానికి 12 మైక్రోసెకండ్లకు పైగా పడుతుంది. 1500 ఆర్‌పీఎం దగ్గర చానెల్‌కు సెకనుకు 25,600 పల్సులు, ఎ అంచుకూ బి అంచుకూ మధ్య ఉండవలసిన కాలం 9.8 మైక్రోసెకండ్లే. పడే అంచు వెంటనే పడుతుంది, లేచే అంచు సగం ఎత్తుకు రావడానికే నాలుగు మైక్రోసెకండ్లు ఆలస్యమవుతుంది. దానితో అంచుల మధ్య ఎడం కుదించుకుపోతుంది, మెల్లగా ఎక్కే ఆ వాలు మీద కాస్త నాయిస్ తగిలినా ఒక అంచు రెండు మూడుగా కనిపిస్తుంది. 400 దగ్గర మీకు కాలం పుష్కలంగా ఉన్నది కనుక ఈ లోపం దాగిపోయింది.

పుల్-అప్‌ను 1 కిలో ఓముకు తగ్గిస్తే లేచే కాలం రెండున్నర మైక్రోసెకండ్లకు దిగుతుంది. 5 వోల్టుల మీద అప్పుడు ప్రవహించేది 5 మిల్లీ ఆంపియర్లు, ఎక్కువ ఎన్‌కోడర్లు దీనిని భరిస్తాయి. అయినా మీ ఎన్‌కోడర్ పత్రంలో పరిమితి చూడండి. 24 వోల్టుల మీద అయితే అదే రెసిస్టరులో అర వాటుకు మించి వేడి పుడుతుంది కనుక చిన్న రెసిస్టరు పనికిరాదు, ఒక వాటుది పెట్టాలి. ఇది తాత్కాలిక ఉపశమనమే. శాశ్వత పరిష్కారానికి, ఎన్‌కోడర్ పక్కనే ఏఎం26ఎల్ఎస్31 వంటి లైన్ డ్రైవర్ చిప్ ఉన్న చిన్న బోర్డును పెట్టెలో పెట్టి, అక్కడి నుంచి మొదటి జవాబులో చెప్పినట్టు జతలుగా పంపండి. అలాగే ప్రతి కోత జెడ్ పల్సు దగ్గరే మొదలవుతుంది కనుక, ఆ తీగ మీద ఒక్క దొంగ పల్సు చాలు, టూలు పాత గాడిలో కాక దాని పక్కన దిగడానికి. మర రెండు గాడులుగా కనిపిస్తుంటే జెడ్ జతను ముందు చూడండి.

ప్రశ్న: మా మెషీనులో వై యాక్సిస్ నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా పూర్తి వేగంతో కొసకు పోయి ఢీకొన్నది. చైన్‌లో ఎన్‌కోడర్ తీగ తెగిందని తరువాత తెలిసింది. దెబ్బలు తగలకుండా ఆపరేటరు బయటపడ్డాడు. తీగ తెగితే యంత్రం ఆగిపోవాలి కదా?

జవాబు: ఆపరేటరు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. ఇలాంటి ఉత్తరం చదివినప్పుడల్లా నాకు మనసు స్థిమితంగా ఉండదు, ఎందుకంటే తీగ తెగితే సర్వో తనంతట తాను ఆగదు. కంట్రోలు కదలమన్నది, ఎన్‌కోడర్ నుంచి కదిలినట్టు కబురు రాలేదు, కాబట్టి కంట్రోలు మరింత గట్టిగా తోస్తుంది. ఎంత తోసినా కబురు రాదు కనుక మోటారు గరిష్ఠ వేగానికి పోతుంది. తొలిసారి అమర్చేటప్పుడు ఎ, బి తీగలు తారుమారైనా ఇదే జరుగుతుంది.

దీనికి ఒక్క అడ్డు చాలదు. ఫాలోయింగ్ ఎర్రర్ (కంట్రోలు కోరిన స్థానానికీ ఎన్‌కోడర్ చూపే స్థానానికీ తేడా) పరిమితిని పనికి ఇబ్బంది లేనంత బిగువుగా పెట్టండి. అది తరచూ ట్రిప్ అవుతున్నదని పెంచుకుంటూ పోయినవారే ఎక్కువగా ఈ ప్రమాదంలో పడతారు. ఎ, ఎ-బార్ రెండూ ఒకే స్థాయిలో కనిపిస్తే తీగ తెగినట్టు గుర్తించే ఏర్పాటు మీ డ్రైవులోనో బోర్డులోనో ఉంటే తప్పక ఆన్ చేయండి. ఆరు తీగలూ కలిపి ఉంటేనే అది పనిచేస్తుంది, మూడు తీగలతో సరిపెట్టుకోవద్దని నేను పట్టుబట్టడానికి ఇది మరొక కారణం. యాక్సిస్ చివరి లిమిట్ స్విచ్‌లు, ఎమర్జెన్సీ బటను సాఫ్ట్‌వేరు మీద ఆధారపడకుండా, డ్రైవు పవర్‌ను కత్తిరించే కాంటాక్టరుకు నేరుగా వైరింగ్ అయి ఉండాలి.

కొత్త కేబుల్ వేశాక మోటారును స్క్రూ నుంచి విడదీయండి. మెయిన్ ఆపి, ఎ, ఎ-బార్ తీగలు ఊడదీసి, మళ్ళీ పవర్ ఇచ్చి, అతి తక్కువ వేగంలో జాగ్ చేయండి, అంటే బటను నొక్కి చేతితో కదిలించండి. షాఫ్టు మీద ముందే ఒక గీత పెట్టుకుంటే, ట్రిప్ అయ్యేలోపు అది ఎన్ని చుట్లు తిరిగిందో చూడవచ్చు. ఆ చుట్లను స్క్రూ పిచ్‌తో గుణించి, వచ్చిన దూరం మీ లిమిట్ స్విచ్‌కూ ఢీకొనే కొసకూ మధ్య ఉన్న ఎడం కంటే తక్కువగా ఉన్నదని నిర్ధారించుకున్న తరువాతే కప్లింగ్ తిరిగి బిగించండి.